కుడికాలి గేరు

పోయిన సంక్రాంతికి మావాడు హైదరాబాదు నుంచి వచ్చిన రెండో రోజే మామయ్య బుల్లెట్టు మీద నుంచి పడ్డాడు. కంభం చెరువు వైపు పోతుంటే మేకపిల్ల అడ్డమొచ్చిందట. వీడు కుడికాలు గట్టిగా తొక్కాడు. హైదరాబాదులో వాడు నడిపే కొత్త బుల్లెట్టుకి కుడికాలి కింద బ్రేకు ఉంటుంది. మామయ్య బండికి అక్కడ ఉండేది గేరు. తొక్కగానే రెండో గేరు మూడో గేరయింది. బండి ఆగలేదు సరికదా, హాయిగా ముందుకు పోయింది. మేకపిల్ల తప్పించుకుంది. వీడు మాత్రం హ్యాండిలు తిప్పి ఎడమవైపు పడ్డాడు.

మోచెయ్యి గీరుకుపోయింది, ప్యాంటు చిరిగింది. బండికి ఎడమపక్క ఉండే అల్యూమినియం మూత పగిలి, నూనె కారుకుంటూ ఇంటికొచ్చింది. నేను పసుపూ దూదీ తెచ్చేలోపలే మావారు తీర్మానం చేసేశారు. "ఈ బండికి ఎడమకాలి గేరు పెట్టించాలి, లేదా అమ్మెయ్యాలి. ఇంకోసారి ఇట్లా జరిగితే మేకపిల్ల బదులు లారీ ఉంటుంది."

అరుగు మీద కూర్చున్న మామయ్య ఏమీ అనలేదు. ఆయనకి ఎనభై నాలుగేళ్ళు. కిక్కర్ కొట్టడం మానేసి ఆరేళ్ళయింది. రోజూ పొద్దున మాత్రం పాత పంచె గుడ్డతో బండి తుడుస్తారు.

మావారి మాట తప్పని నేననను. తల్లిని కదా, నాకూ భయమే వేసింది. కానీ ఇరవై ఆరేళ్ళుగా ఆ బండి వెనక సీటు మీద కూర్చున్నదాన్ని. ఈ గేరు కుడివైపు ఎందుకుందని ఎప్పుడూ అడగలేదు. ఈసారి అడిగాను. మామయ్య చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను.

బుల్లెట్టుది పుట్టుకతో ఇంగ్లండు. అక్కడ రెడిచ్ అనే ఊళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1901లో మొదటి మోటారు సైకిలు చేసింది. ఎన్‌ఫీల్డ్ అన్నది తుపాకుల కార్ఖానా ఉన్న ఊరి పేరు. ఆ కార్ఖానాకి విడిభాగాలు చేసిచ్చిన సంబంధంతో కంపెనీకి ఆ పేరొచ్చింది. బుల్లెట్ అనే పేరు 1932లో పెట్టారు. మనం ఎరిగిన రూపం, అంటే వెనక చక్రానికీ స్ప్రింగులున్న 346 సీసీ బండి, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1948-49లో వచ్చింది. దానికి గేరుపెట్టె బర్మింగ్‌హాములోని ఆల్బియన్ కంపెనీది. ఆ రోజుల్లో ఇంగ్లండు మోటారు సైకిళ్ళకి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండడం మామూలే. వాళ్ళకి అదే సహజం. ఎడమకాలితో గేరు వెయ్యడం వాళ్ళకి వింతగా ఉండేదేమో.

స్వాతంత్ర్యం వచ్చాక సరిహద్దుల్లో గస్తీ తిరగడానికి మన సైన్యానికి గట్టి బండ్లు కావాల్సొచ్చి బుల్లెట్లు తెప్పించుకున్నారు. 1955లో మద్రాసు మోటార్స్ వాళ్ళు రెడిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మద్రాసుకి ఉత్తరాన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వెలిసింది. మొదట్లో ఇంగ్లండు నుంచి భాగాలు పెట్టెల్లో వస్తే ఇక్కడ బిగించేవాళ్ళు. 1962 వచ్చేసరికి అన్ని భాగాలూ ఇక్కడే తయారవడం మొదలైంది. మన కంభం కూడా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోదే. రాజధాని చేజారిపోయిన రెండేళ్ళకి అదే ఊళ్ళో మనకి బుల్లెట్టు మొదలైందన్నమాట.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉంది. ఇంగ్లండులో రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. తర్వాత కొన్నేళ్ళకే కంపెనీయే లేకుండా పోయింది. తిరువొత్తియూరులో మాత్రం బండ్లు వస్తూనే ఉన్నాయి. పుట్టింట్లో దీపం పెట్టేవాళ్ళు లేకపోయినా మెట్టినింట్లో కాపురం సాగింది. 1977లో మద్రాసులో తయారైన బుల్లెట్లు ఇంగ్లండుకి ఓడెక్కాయి. పుట్టింటికి చుట్టపుచూపుగా వెళ్ళడమంటే ఇదే కదా!

ఈలోగా ప్రపంచం ఎడమకాలికి మారిపోయింది. జపాను బండ్లు ఎడమకాలి గేరుతోనే వచ్చాయి. 1970ల మధ్యలో అమెరికా గేరు ఎడమకి, బ్రేకు కుడికి ఉండాలని నిబంధన పెట్టింది. అక్కడ అమ్ముకోవాలి కాబట్టి ట్రయంఫ్, నార్టన్ లాంటి ఇంగ్లండు కంపెనీలు కూడా పెడళ్ళు అటూ ఇటూ మార్చుకున్నాయి. మన దేశంలోనూ రాజ్‌దూత్, మైసూరులో తయారైన జావా, తర్వాతొచ్చిన హీరో హోండా, అన్నిటికీ గేరు ఎడమపక్కే. బుల్లెట్టు ఒక్కటే అత్తింటికొచ్చినా కట్టూబొట్టూ మార్చని కోడలిలా కుడివైపే ఉండిపోయింది. 1994లో కంపెనీ ఐషర్ వాళ్ళ చేతికి వచ్చింది. 2000 తర్వాత అయిదు గేర్ల పెట్టె, ఎడమకాలి గేరు మొదలయ్యాయి. మావాడు నేర్చుకున్నది ఆ తర్వాతి తరం బండి. పేరు ఒకటే, ట్యాంకు మీద గీతలూ ఒకటే, కాళ్ళ కింద మాత్రం అంతా తారుమారు. పేరు చూసి చెయ్యి వేశాడు, కాలు మోసం చేసింది.

మామయ్య బుల్లెట్టు కొన్నది 1978లో, నంద్యాలలో, ఒక కాంట్రాక్టరు దగ్గర. అప్పటికే పాతబండి. మా ప్రాంతం 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోదే, అందుకని మా పెద్దవాళ్ళ పనులన్నీ నంద్యాల, కర్నూలు వైపే ఉండేవి. మామయ్య బడిపంతులు. అర్ధవీడు మండలంలో కొన్నేళ్ళు, రాచర్ల మండలంలో కొన్నేళ్ళు చేశారు. పంతులికి బుల్లెట్టేమిటని ఊళ్ళో నవ్వుకున్నారట. బస్సు రోజుకి రెండుసార్లు వచ్చే ఊళ్ళు మరి. నంద్యాల నుంచి నల్లమల ఘాటు దాటుకుని, దిగువమెట్ట మీదుగా గిద్దలూరు చేరి, అక్కడి నుంచి కంభానికి తనే నడుపుకుంటూ తెచ్చారు.

ఆ బండి నడపడం ఒక చదువు. ముందు తాళం తిప్పితే ట్యాంకు ముందున్న ఆమీటరు ముల్లు ఒకపక్కకి వంగుతుంది. కిక్కర్‌ని మెల్లిగా నొక్కుతూ పోతే ముల్లు మధ్యకొస్తుంది. అప్పుడు ఎడమచేతి దగ్గరున్న చిన్న డీకంప్రెషన్ లివరు పట్టి ఇంకొంచెం నొక్కి, లివరు వదిలి, అప్పుడు కొట్టాలి. తొందరపడి కొడితే కిక్కర్ ఎదురు తంతుంది. మామయ్య కుడి మోకాలి కింద ఇప్పటికీ ఆ మచ్చ ఉంది. పొద్దున మొదటిసారి తీసేటప్పుడు క్లచ్చు పట్టి రెండుసార్లు ఖాళీగా కిక్కర్ కొట్టాలి. రాత్రంతా అంటుకుపోయిన క్లచ్చు ప్లేట్లు విడిపోతాయి. లేకపోతే మొదటి గేరు వెయ్యగానే బండి ఎగిరి దూకుతుంది.

గేర్లు నాలుగు. కుడిపాదం ముందువేలితో పైకెత్తితే ఒకటో గేరు. అక్కడి నుంచి కిందికి తొక్కుతూ పోతే రెండు, మూడు, నాలుగు. రెండు గేర్ల మధ్య ఎక్కడన్నా సగంలో ఆగితే దొంగ న్యూట్రల్. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. అసలు న్యూట్రల్ వెతుక్కోవడానికి గేరు పెడల్ పక్కనే ఇంకో చిన్న పెడల్ ఉంటుంది. ఒకటో గేరులో తప్ప మిగతా ఏ గేరులో ఉన్నా క్లచ్చు పట్టి దాన్ని మడమతో నొక్కితే నేరుగా న్యూట్రల్‌కి వస్తుంది. కొత్త బండ్లలో లేని సుఖం ఇదొక్కటే అంటారు మామయ్య.

ఆయన దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. బడిలో పిల్లలకిచ్చే నలభై పేజీల పుస్తకం. పెట్రోలు పోసిన తేదీ, నూనె మార్చిన తేదీ, ఎక్కడ ఏది బిగించిందీ అన్నీ అందులో ఉన్నాయి. వంటింట్లో పాలలెక్క రాసుకున్నట్టే. చైను నెలకోసారి చూడాలని రాసుకున్నారు. వెనక చక్రం ఇరుసుకి రెండువైపులా నత్తగుల్ల ఆకారంలో పళ్ళున్న బిళ్ళలుంటాయి. చైను వదులైతే ఇరుసు నట్లు వదులుచేసి రెండు బిళ్ళలూ సమానంగా ఒక్కో పన్ను తిప్పాలి. ఒకపక్క ఒక పన్ను, ఇంకోపక్క రెండు పళ్ళు తిప్పితే చక్రం వంకరపోతుంది. చక్రం తిప్పిచూసి చైను ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో అక్కడే కొలవాలి. వదులున్న చోట చూసి బిగిస్తే బిగుతున్న చోట తెగుతుంది.

గేరు సరిగ్గా పడకపోతే దానికీ వైద్యం ఉంది. గేరుపెట్టె కుడిమూత లోపల, పెడల్ ఎంతదూరం ఆడాలో నిర్ణయించే ఒక చిన్న పలక ఉంటుంది. దానికి రెండు బిగింపులు. వాటిని వదులుచేసి పలకని వెంట్రుకవాసి జరిపితే చాలు. న్యూట్రల్ పెడల్‌కి వేరే అడ్డు ఉంది. అది మధ్యలో కాకుండా పక్కకి చిల్లున్న గుండ్రటి బిళ్ళ. తిప్పితే పెడల్ దూరం పెరుగుతుంది, తగ్గుతుంది. కంప్యూటరు అక్కర్లేదు, కంపెనీకి తీసుకెళ్ళక్కర్లేదు. రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక ఉంటే చాలు. బుల్లెట్టు ఇన్నేళ్ళు మన ఊళ్ళల్లో బతికిందంటే దాని బలం ఒక్కటే కారణం కాదు, సర్దుకోగలగడం కూడా అనిపిస్తుంది నాకు.

సర్దుకోవడమంటే వెనక సీటు గురించి కూడా చెప్పాలి. మా అత్తయ్యా, ఆమె తర్వాత నేనూ, ఇద్దరం ఆ బండి మీద ఎడమవైపే కాళ్ళు వేసుకుని పక్కకి తిరిగి కూర్చున్నాం. ఈ బండికి చైను కూడా ఎడమవైపే. క్లచ్చూ అటే, చైనూ అటే, మా చీర కుచ్చిళ్ళూ అటే. చీర చుట్టుకోకుండా చక్రానికి అడ్డంగా జాలీ ఉండేది. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమన్నా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. వెనకవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి మెట్టు ఉండాలని కూడా అందులోనే ఉంది. చీరకట్టుని చట్టం కూడా గుర్తుపెట్టుకుందన్నమాట. చైను గ్రీజు మరకల సంగతి మాత్రం చట్టంలో లేదు. కిరోసిన్‌తో రుద్ది, తర్వాత సబ్బు పెట్టి ఉతకడం అత్తయ్యే నేర్పింది నాకు.

అత్తయ్య ఆ బండిని ఎప్పుడూ ఎద్దుల బండి అనేది. "మీ మామయ్య బుల్లెట్టు కాదే అమ్మాయ్, ఎద్దులబండి కొన్నాడు. పక్కన రాజ్‌దూత్ వాడు దాటిపోతుంటే ఈయన చూస్తా ఉంటాడు" అని నవ్వేది. మామయ్య కూడా నవ్వి ఊరుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. పంతులుగారు కదా, భయస్తులేమో, అందుకే మెల్లిగా పోతారని.

సరే, పగిలిన మూత సంగతికొస్తాను. కొత్త మూత ఒంగోలు నుంచి వచ్చింది. ఎడమకాలి గేరున్న వేరే గేరుపెట్టె కూడా వేయిద్దామని మావారు మెకానిక్‌తో మాట్లాడి ఉంచారు. ఎలాగూ విప్పుతున్నాం కదా అని మావాడే పనికి దిగాడు. మామయ్య అరుగు మీద నుంచి చెబుతుంటే, నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. ఆ పెద్ద మూతనంతా పట్టి ఉంచేది మధ్యలో ఒకే ఒక్క నట్టు. లోపల నూనెలో మునిగి క్లచ్చు, ఇంజను నుంచి క్లచ్చుకి ఒక చైను. క్లచ్చు ప్లేట్లు కూడా అరిగాయని మొత్తం ఊడదీశారు. క్లచ్చు వెనక దాక్కుని ఉంది, వెనక చైనుని తిప్పే చిన్న పళ్ళ చక్రం.

"లెక్కపెట్టరా అబ్బయ్యా, పళ్ళెన్నో" అన్నారు మామయ్య.

వాడు లెక్కపెట్టి "పదహారు తాతా" అన్నాడు.

"వెనక చక్రానికి?"

"ముప్పై ఎనిమిది."

"నేను కొన్నప్పుడు ముందు పదిహేడు ఉండె. కాంట్రాక్టరు కదా, ఆయనకి స్పీడు కావాల."

వాడు ఫోనులో లెక్క వేశాడు. ముందు 17 పళ్ళుంటే ఆ చిన్న చక్రం 2.235 సార్లు తిరిగితే వెనక చక్రం ఒకసారి తిరుగుతుంది. 16 ఉంటే 2.375 సార్లు తిరగాలి. అంటే ఇంజను ఆరు శాతం ఎక్కువ కష్టపడితేగాని అదే వేగం రాదు. బదులుగా లాగే బలం ఆ మేరకి పెరుగుతుంది. సైకిలు తొక్కినవాళ్ళకీ, కుట్టుమిషను చక్రాలు చూసినవాళ్ళకీ ఇది తెలిసిందే. ముందు చక్రం ఎంత చిన్నదైతే బండి అంత నెమ్మది, అంత బలం.

"స్పీడు తగ్గించుకోవడానికి ఇంత విప్పి మార్చావా తాతా?" అన్నాడు వాడు.

మామయ్య లోపలికెళ్ళి నోటు పుస్తకం తెచ్చి, ఒక పేజీ తీసి నా చేతికిచ్చారు. 1991 తేదీ. "ముందు 17 తీసి 16 వేయించినాను. నడుముకి అదురు తగ్గింది" అని రాసుంది. ఎవరి నడుముకో రాయలేదు.

ఆ ఏడు అత్తయ్యకి నడుము ఆపరేషను అయింది. తర్వాత చాలాకాలం నెలనెలా నంద్యాల ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్ళేవాళ్ళట. ఘాటులో, మలుపుల్లో, పెద్ద చక్రంతో మెల్లిగా పోతే ఇంజను ఈడవలేక దడదడా అదురుతుంది. లేదంటే ప్రతి మలుపుకీ గేరు మార్చాలి, ఈ పెట్టెలో మార్చినప్పుడల్లా ఒక కుదుపు. ఒక పన్ను తగ్గిస్తే మూడో గేరులోనే నిదానంగా, కుదుపు లేకుండా పోవచ్చు. అందుకని ఆయన బండి వేగం తగ్గించుకున్నారు. నడుము బాగయ్యాక కూడా మళ్ళీ మార్చలేదు.

"అత్తయ్యకి చెప్పలేదా మామయ్యా?" అని అడిగాను.

"చెప్తే బస్సులో పోదామనేది" అన్నారు.

అత్తయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఎద్దులబండి అని నవ్విన ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ ఎద్దులబండి తన కోసమే అయిందని తెలియకుండానే పోయింది. టార్చి పట్టుకున్న చెయ్యి కాసేపు కదిలిందనుకుంటాను, "అమ్మా, వెలుగు ఇటు" అన్నాడు మావాడు.

చెప్పకపోవడం గొప్పేమీ కాదని నా అభిప్రాయం. చెప్పి ఉంటే ఆమె బస్సే ఎక్కేదేమో, లేదా ఆ బండిని ఇంకో పేరుతో పిలిచేదేమో. అది ఆమెకి ఇవ్వాల్సిన సంతోషం. ఆ తరం మగవాళ్ళు చాలామంది ప్రేమని పానాలతో బిగించి, మూత వేసేశారు. మూత పగిలితేగాని మాకు కనిపించలేదు.

ఆ రాత్రి అన్నాలు తింటూ మావారే అన్నారు, గేరు మార్పించొద్దులే అని. దానికి మామయ్య ఒక షరతు పెట్టారు. ముందు గేరు సర్దడం నేర్చుకోవాలి, తర్వాతే నడపాలి. మర్నాడు మూత తీయించి, "రెండో గేర్లో పెట్టు. పెడల్ పైకెత్తు, ఎంత ఆడింది? కిందికి తొక్కు, ఎంత ఆడింది? రెండుపక్కలా సమానం కావాల" అంటూ కూర్చోబెట్టారు. పలక జరిపి, బిగించి, మళ్ళీ వదులుచేసి, నాలుగుసార్లు చేయించారు. ఆయన చేతులు వణుకుతాయి కాబట్టి పానా పట్టలేదు. మాటతోనే బిగించారు.

తర్వాత వారం రోజులు స్కూలు గ్రౌండులో తిప్పాడు. మొదటి రెండు రోజులూ నోటితో "కుడి గేరు, ఎడమ బ్రేకు" అని జపం చేసుకుంటూ. ఆపాల్సొస్తే ముందు కుడిచేతి బ్రేకు పట్టుకోవడం అలవాటు చేసుకోమన్నారు మామయ్య. చెయ్యి పాతబండిలోనూ కొత్తబండిలోనూ ఒకపక్కే ఉంది, దాన్ని నమ్ముకోమన్నారు. పాతబండ్లు ఇంట్లో ఉన్నవాళ్ళెవరైనా చదువుతుంటే ఈ మాట మీ పిల్లలకి చెప్పండి. ఒకే రోజు రెండు రకాల బండ్లూ మార్చి మార్చి నడపనివ్వకండి. పెద్దరోడ్డు మీదికి ఆ బండి తీసుకెళ్ళకూడదన్న మావారి నియమం మాత్రం అలాగే ఉంది. అందులో నేను ఆయన పక్షమే.

వాడు తిరిగి హైదరాబాదు వెళ్ళే ముందురోజు సాయంత్రం నన్ను చెరువు దాకా తీసుకెళ్ళాడు. గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య అయిదు వందల ఏళ్ళ కిందట కట్టిన చెరువు అది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. అదీ అంతే, ఎవరో ఒకరు తూములూ కట్టా సర్దుతూ వస్తేనే ఇన్నాళ్ళు నిలబడింది. నేను ఎప్పట్లాగే ఎడమవైపు కాళ్ళు వేసుకుని, కుచ్చిళ్ళు జాలీకి ఇవతల చెక్కుకుని కూర్చున్నాను. ఈసారి నెత్తిన హెల్మెట్టు కొత్త. ఒక రాజ్‌దూత్ కాదు, స్కూటీ మీద కాలేజీ అమ్మాయి మమ్మల్ని దాటిపోయింది.

"చూశావా, ఎద్దులబండి" అన్నాడు వాడు.

నడుముకి ఒక్క కుదుపు తెలియలేదు.